పై పిడి పట్టినవాడు

మేము కోసిన దుంగల గురించి చెప్పమంటే పొద్దు చాలదు. ఆత్మకూరులో ఒకసారి చింత మొద్దు కోశాం. అది ఎంత లావంటే, నేను ఇటు పక్క నిలబడి పొద్దున్నే కేకేస్తే అటు పక్కనున్న మా కాటయ్య బావకు అంబటేళ దాటాక వినపడేది. ఆ పొట్టు కుప్ప పోస్తే గుట్ట అనుకుని మేకలు ఎక్కాయి. ఇంకోసారి వేప దుంగ కోస్తుంటే నడుమ తొర్రలో తేనెపట్టు తగిలింది. రంపం పళ్ళ వెంట తేనె కారుతుంటే నేను కింద నోరు తెరిచి నిలబడ్డాను. ఆ పూట వీరమ్మ తెచ్చిన సద్ది ముట్టనే లేదు. నమ్మకపోతే వీరమ్మనే అడగండి. నా పెళ్ళాం కాబట్టి కాదనదు. కాదంటే ఆ సద్ది ఎవరు తిన్నారో ఆమే చెప్పాల్సి వస్తుంది.

ఇప్పుడు చెప్పేదాంట్లో మాత్రం అంత లావు దుంగ ఏదీ లేదు. నా కుడి మోచెయ్యి ఉంది, అంతే.

మాది రంపం కోత. దుంగను గుంజల మీద మనిషి ఎత్తున కడతాం. దాని మీద ఒకడు నిలబడతాడు, కింద ఒకడు. నిలువు రంపానికి పైన ఒక పిడి, కింద ఒక పిడి. కింది మనిషి రంపాన్ని కిందికి లాగుతాడు. కర్ర తెగేది అప్పుడే. పై మనిషి దాన్ని మళ్ళీ పైకి లేపుతాడు. లాగడం ఒకడిది, లేపడం ఒకడిది. గీత చూసి రంపాన్ని నడిపేది పై మనిషి కాబట్టి పెద్దరికం అతనిది. కింది మనిషికి దక్కేది పొట్టు. కంట్లో, చెవిలో, ముక్కులో, అన్నం తినేటప్పుడు గోళ్ళ సందుల్లో. తలకు గుడ్డ కప్పుకుని, కళ్ళు సగం మూసుకుని, తల వంచి లాగాలి.

మా జతలో పై మనిషి కాటయ్య. వీరమ్మకు సొంత అన్న. నన్ను అతను బావా అనేవాడు, అతన్ని నేను బావా అనేవాణ్ణి. చెల్లెల్నిచ్చాడు, రంపం కింది పిడి ఇచ్చాడు. ఇంకేం కావాలి మనిషికి అనుకున్నాను.

రజాకార్ల గొడవ సద్దుమణిగిన మరుసటి ఏడు అది. సూర్యాపేట చుట్టుపక్కల కాలిన ఇళ్ళకు మళ్ళీ కప్పులు వేసుకుంటున్నారు. పారిపోయిన వాళ్ళు తిరిగొచ్చి తలుపులు పెట్టించుకుంటున్నారు. ఎక్కడ చూసినా దూలాలు, వాసాలు, చెక్కలు. మా రంపానికి చల్లారే తీరిక లేదు. ఒకసారి వేడెక్కిన రంపం మీద వీరమ్మ రొట్టె కాల్చింది కూడా.

నొప్పి మొదలైంది సూర్యాపేటలోనే. పొద్దున లేచి మొహం కడుక్కుందామని నీళ్ళ చెంబు ఎత్తాను. ఎత్తానని నేను అనుకున్నాను, చెంబు అనుకోలేదు. చేతిలోంచి జారి కింద పడింది. మోచేతి బయటి పక్క ఎముక గుబ్బ ఉంటుంది చూడండి, అక్కడ వేలు ఆనిస్తే మిరపకాయ చీరి పెట్టినట్టు మంట. తువ్వాల పిండబోతే మంట. గొళ్ళెం తీయబోతే మంట. ఆ రోజు నేను అరిచిన అరుపుకి కోదాడలో బస్సు ఆగిందని తర్వాత తెలిసింది.

"వాయువు బావా," అన్నాడు కాటయ్య. "మంచుల పండుకున్నవ్ గద, పట్టింది."

"వాయువైతే రెండు సేతులకు పట్టాలె గద?"

"నీకు రెండు సేతులున్నయని వాయువుకేమెరుక?"

నేను నవ్వాను. నవ్వితే కూడా మోచెయ్యి కలుక్కుమంది.

తర్వాత కొన్నాళ్ళకు అది దిష్టి అన్నాడు.

"నాకు దిష్టి ఎవలు పెడ్తరు బావా? ఈ పొట్టు మొఖం సూస్తే కుక్క సుత పక్కకు జరుగుతది."

"మొఖానికి గాదు, నీ బలానికి. పది మంది సూస్తుండంగ దుంగలెత్తుతవ్. జర తక్కువ సెయ్యరాదు?"

వీరమ్మ రోజూ పొద్దుగూకాక వావిలాకు ఉడకబెట్టి కాపడం పెట్టేది. తెల్లారేసరికి చెయ్యి కాస్త చెప్పిన మాట వినేది. మళ్ళీ రంపం పట్టగానే మొదటికొచ్చేది. కాటయ్యే నన్ను ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళి వాత పెట్టించాడు. కాలిన గంటె నా చేతికి తగలగానే నేను పరుగెత్తిన పరుగుకి నా నీడ వెనకబడిపోయింది. ఆ పుండు మానిందాకా లోపలి నొప్పి, పైమంట రెండూ నా దగ్గరే కాపురం చేశాయి.

ఒక ముచ్చట చెప్పాలి. కాటయ్య కుడి చేతికి, మోచేతికి నాలుగు వేళ్ళ కింద, ఒక నల్లగుడ్డ పట్టీ ఉండేది. బిగించి కట్టి ఉండేది. ఏందని అడిగితే తావీదు, జాన్‌పహాడ్ దర్గాలో కట్టించుకున్నానన్నాడు. "నాకు సుత ఒకటి తే బావా," అన్నాను. తెచ్చాడు. నల్లదారం. తెచ్చి నా భుజం మీద, పైకి, చంక దగ్గర కట్టాడు.

"నీకున్న జాగల్నే కట్టరాదు?" అన్నాను.

"నీకు గీడ గాదు. నీకు భుజానికి కట్టాలన్నరు."

ఎవరన్నారని నేను అడగలేదు. బావ కట్టాడు. చాలు.

ఇంకోటి. ఆ ఏడాది రంపం బరువెక్కింది. నిజం చెబుతున్నాను, పెంచడం లేదు. లాగితే లాగినట్టే వచ్చేది, పైకి మాత్రం లేచేది కాదు. ఆ మాట కాటయ్యతో అంటే ఆకురాయి తీసి పళ్ళు పదును పెట్టేవాడు. పదును పెట్టినా అదే బరువు. దాంతో నేనే కింది నుంచి కాస్త నెట్టేవాణ్ణి. పిడి గట్టిగా పట్టి, మణికట్టు విరిచి, పైకి ఒక తోపు. సొంత బావ, పైన ఎండలో నిలబడ్డాడు, ఆమాత్రం సాయం చేస్తే ఏం పోతుంది? నేను ఆయాసపడి ఆగితే పైనుంచి అతని గొంతు వచ్చేది. "బావా, ఏదన్నా కత సెప్పు, పొద్దు పోతలేదు." కథ చెప్పమంటే నాకు ఆయాసం ఎక్కడుంటుంది? కథ మొదలుపెడితే చెయ్యి నెడుతూనే ఉండేది. నేను దాని సంగతే మరిచిపోయేవాణ్ణి.

ఎండాకాలం నడుమలో కోదాడలో పెద్ద పని దొరికింది. వెంకటేశ్వర్లు గారని, కృష్ణ అవతలి నుంచి వచ్చి వడ్లమిల్లు కడుతున్నాడు. మద్ది దుంగలు, టేకు దుంగలు బండ్ల మీద దించి పెట్టాడు. మిల్లు పక్కనే మాకు ఒక పాక ఇచ్చాడు. మొదటి రోజే నేను మోచెయ్యి పట్టుకోవడం చూశాడు.

"ఏమయ్యా సత్తయ్యా, వానలు పడేలోపు నా దూలాలు ఎక్కాలి. చెయ్యి నొప్పి అదీ ఇదీ అంటే కుదరదు. అనంతగిరి జత ఒకటి వస్తామని తిరుగుతోంది."

"నాకేం నొప్పి లేదు సేటూ," అన్నాను. "ఈ సేత్తో మొన్న బండి చక్రం లేపిన, ఎద్దులతోని సహా."

నవ్వి వెళ్ళిపోయాడు. ఆ రోజు అన్నం కలపడానికి నా చెయ్యి రాలేదు. వీరమ్మ ముద్దలు కలిపి పెట్టింది. నాకు చెలక లేదు, బర్రె లేదు. ఉన్నది ఒక కుడిచెయ్యి. అది పోతే నేను మిల్లు ముందు కథలు చెప్పుకుంటూ కూర్చోవాల్సిందే. కథలకు నవ్వుతారు గానీ ఎవరూ అన్నం పెట్టరు.

మిల్లులో మట్టిపని చేసే అచ్చమ్మ అనే ఆమె వీరమ్మతో చెప్పింది, మిర్యాలగూడలో రాజారత్నం అని డాక్టరున్నాడు, ఎముకల నొప్పులు బాగా చూస్తాడని. కాటయ్య ఆ మాట వింటూనే కయ్యిమన్నాడు.

"వాని దగ్గరికా! వాడు సెయ్యి సూపిస్తే కాలు కోసిండట ఒకనికి!"

ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, నేనే దానికి ఇంకో కాలు కలిపి మిల్లంతా చెప్పాను. చెయ్యి చూపించుకోవడానికి వెళ్ళినవాడు దొర్లుకుంటూ ఇంటికొచ్చాడని చెప్పాను. ఆడవాళ్ళు తట్టలు దించి నవ్వారు. వీరమ్మ ఒక్కతే నవ్వలేదు.

కొన్నాళ్ళకు కాటయ్య అత్తగారి వైపు పెళ్ళని మఠంపల్లి పోయాడు. అతను బండెక్కి కనుమరుగయ్యాడో లేదో వీరమ్మ కొంగు బిగించింది.

"లే. మిర్యాలగూడ పోదాం."

"కాళ్ళు కోస్తడే!"

"కోస్తే మోసుకొస్త. లే."

డాక్టరు రాజారత్నం సన్నగా ఉన్నాడు. మాట బెజవాడ వైపుది. నన్ను చెయ్యి చాపమని, అరచెయ్యి కిందికి పెట్టమని, మణికట్టు పైకి లేపమన్నాడు. నేను లేపుతుంటే తను పై నుంచి అదిమాడు. నేను అరిచాను.

"అరవకయ్యా, బయట కూర్చున్న వాళ్ళు పారిపోతారు. ఏం పని చేస్తావు?"

"రంపం కోత సారూ."

"పైనా, కిందా?"

"కింద."

మళ్ళీ మోచేతి గుబ్బ మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. మొహం చిట్లించాడు.

"కింద ఉండేవాడు లాగుతాడు కదా? ఇది లాగేవాడికి వచ్చే నొప్పి కాదే. పిడి గట్టిగా పట్టి, మణికట్టు విరిచి, రోజంతా బరువు పైకి లేపేవాడికి వస్తుంది. చూడు, మణికట్టును లేపే కండ ఇదిగో, ఇక్కడ ఎముకకు అతుక్కుని ఉంటుంది. ఒకే పని ఆపకుండా చేస్తే ఆ అతుకు దగ్గర, పాత తాడు పోగులు లేచినట్టు లేస్తుంది. వాయువూ కాదు, దిష్టీ కాదు. నువ్వు లేపేది ఏంటి?"

"నేనేం లేప సారూ. లేపేది మా బావ."

"మరి నీకెందుకు వచ్చింది?"

నాకు తెలిస్తే ఆయన దగ్గరికి ఎందుకు పోతాను? ఆయన ఒక గుడ్డపేలిక చింపి నా మోచేతికి నాలుగు వేళ్ళ కింద చుట్టి బిగించాడు. "పని చేసేటప్పుడు ఇట్లా కట్టుకుంటే కొందరికి సుఖంగా ఉంటుంది. మరీ బిగించకు, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి," అన్నాడు.

నేను పకపకా నవ్వాను. "సారూ, మా బావ తావీదు సుత గిదే జాగల ఉంటది! నల్లది!"

"ఎవరు మీ బావ?"

"కాటయ్య సారూ. ఆత్మకూరు. పై మనిషి."

"చెవి తమ్మె తెగి ఉంటుంది, అతనేనా?"

నా నవ్వు ఆగింది. వీరమ్మ లేచి నిలబడింది.

"పోయిన చలికాలం వచ్చాడయ్యా. ఇదే చెయ్యి, ఇదే నొప్పి. నల్లపట్టీ నేనే కట్టాను. కొన్ని నెలలు రంపం లేపొద్దని చెప్పాను. 'అట్లనే సారూ, లేప' అని మాటిచ్చాడు." నా మోచేతి వంక చూశాడు. "మాట నిలబెట్టుకున్నట్టే ఉన్నాడు."

నేను పట్టీ ముడి మీద వేలు పెట్టి చూసుకున్నాను.

"మా బావ అట్ల సెయ్యడు సారూ," అన్నాను. "ఆయన మంచోడు. ఒకసారి పులి వస్తే నా ముందు నిలబడ్డడు." పులి సంగతి నేనే కల్పించింది. ఆ వేళకు నా దగ్గర ఇంకేం లేదు.

డాక్టరు పులి గురించి ఏమీ అడగలేదు. ఎలా నడుచుకోవాలో చెప్పాడు. రంపం వానాకాలం దాటేదాకా ముట్టొద్దు. చెంబైనా సంచైనా అరచెయ్యి పైకి పెట్టి ఎత్తాలి. బరువులు ఎడమచేత్తో. వేడి గుడ్డ కాపడం మంచిదే. వాతలు వద్దు. నొప్పి తగ్గాక అరచెయ్యి కిందికి పెట్టి చిన్న రాయి పట్టుకోవాలి. ఎడమచేత్తో దాన్ని పైకి లేపి, కుడిచేత్తో మెల్లగా, చాలా మెల్లగా దించాలి. తడిగుడ్డ కొద్దికొద్దిగా పిండాలి. నొప్పి పెరిగితే తగ్గించాలి, అసలు మానేయొద్దు.

"పోదు కదా సారూ సెయ్యి?" అంది వీరమ్మ.

"పోదమ్మా. ఓపిక పడితే వస్తుంది." ఆమె ఇంకా నిలబడే ఉంది. ఆయనే అడిగాడు: "ఇంకేమైనా ఉందా?"

"మా అన్న సెయ్యి... బాగైతదా?"

"విశ్రాంతి ఇచ్చాడుగా. ఈపాటికి అయ్యే ఉంటుంది."

కోదాడకు బండిలో తిరిగి బయల్దేరాం. హుజూర్‌నగర్ దాటాక వీరమ్మే అంది:

"మా అన్న అట్ల సెయ్యడు."

"నేను గదే అంటున్న."

"నువ్వంటే నమ్మబుద్ధి కాదు. నువ్వేదన్నా పెంచే అంటవ్."

"ఇయాల తగ్గించే అంటున్ననే," అన్నాను.

ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. దుమ్ముకేమో అనుకున్నాను.

కాటయ్య పెళ్ళి నుంచి వచ్చాడు. లడ్డూలు తెచ్చాడు. నా చేతికి పట్టీ చూశాడు. లడ్డూల మూట విప్పుతూ కూర్చున్నాడు. తెల్లారి మద్ది దుంగ గుంజల మీద కట్టి ఉంది. అతను ఎక్కబోతుంటే నేను అడ్డం వెళ్ళాను.

"ఇయాల నేను ఎక్కుత బావా."

"ఏంది?"

"నేను పైకి. నువ్వు కిందికి."

"పిచ్చి లేసిందా? పై మనిషి కిందికి దిగుతడా యాడన్నా?"

అది నిజమే. మా కోతోళ్ళలో పైకి ఎక్కినవాడు మళ్ళీ కింద నిలబడడు. ముసలివాడై పని మానేస్తాడు గానీ దిగడు. మిల్లు కూలీలు తట్టలు పట్టుకుని చూస్తున్నారు. అచ్చమ్మ నోటికి కొంగు పెట్టుకుంది.

"మిర్యాలగూడ పోయినవా?" అన్నాడు కాటయ్య మెల్లగా.

"పోయిన."

అతను తలగుడ్డ విప్పాడు. మళ్ళీ చుట్టుకున్నాడు. దుంగ కిందికి వెళ్ళి నిలబడ్డాడు.

నేను ఎక్కాను. అంత ఎత్తు నుంచి కోదాడ చెరువు, రోడ్డు మీద లారీలు, గాలి. కింద ఉన్నవాడికి గాలి ఉండదని అప్పుడు తెలిసింది. పై పిడి పట్టాను. అతను లాగాడు. నేను లేపాను. మోచేతిలో నిప్పు పడ్డట్టయింది. అయినా పూర్తిగా లేపాను. అతను లాగాడు. లేపాను. మూడోసారి లేపుతూ కిందికి చూశాను.

కాటయ్య మొహం మొత్తం కనపడింది. తలగుడ్డ కింద నొసలు, నొసటి మీద చెమటకు అంటుకున్న పొట్టు, బిగించిన దవడ, తెగిన చెవి తమ్మె. అంత బాగా కనపడుతుందని నాకు తెలియదు. కింద నిలబడితే పైవాడి పాదాలు తప్ప ఏమీ కనపడవు. ఆ పాదాలనే నేను ఇన్నాళ్ళూ చూసింది. అతను మాత్రం నన్ను చూశాడు. నేను పళ్ళు కొరుక్కుని రంపాన్ని పైకి నెట్టిన ప్రతిసారీ, నా కంట్లో నీళ్ళు తిరిగిన ప్రతిసారీ, నా మొహం అతని కళ్ళ ముందే ఉంది. అది చూస్తూనే, కథ చెప్పు బావా, అన్నాడు.

నేను ఆపాను.

"ఎందుకాపినవ్ బావా? లేపు," అన్నాడు కింద నుంచి.

"పైనుంచి మంచిగ కనపడ్తది బావా."

"ఏం కనపడ్తది?"

"మొఖం."

అతను పిడి వదిలేశాడు. దుంగ కింద నుంచి బయటికి రాలేదు. నేనే దిగి వెళ్ళి అతని ముందు కూర్చున్నాను. కూలీలకు వినపడకుండా మాట్లాడుకున్నాం.

"నా సెయ్యి పోయిందనుకున్న బావా," అన్నాడు. "పై మనిషి లేపలేడని తెలిస్తే ఎవడు పిలుస్తడు?"

"నాకు సెప్తే ఏమైతుండె?"

"నీకా? నీకు సెప్పినంక ఇగ దండోరా ఎందుకు? పొద్దుగూకేలోపు నా సెయ్యి తెగి చెరువుల పడ్డదని సూర్యాపేట దాకా సెప్తువు."

చెప్పేవాణ్ణే. చెరువులో చేప దాన్ని మింగిందని కూడా చెప్పేవాణ్ణి.

"సరే, సెప్పలే. మరి నా సెయ్యి నొస్తుందన్నప్పుడు? నీకు మందెరుక. పట్టీ జాగ ఎరుక. నాకు భుజానికి కట్టినవ్ గద బావా."

"సరైన జాగల కడ్తే, నాదెందుకు గదే జాగల ఉందని అడుగుతవనుకున్న."

"వాత పెట్టిచ్చినవ్."

తల వంచుకున్నాడు. పొట్టులో వేలితో గీత గీస్తున్నాడు. అప్పుడు నేను ఒక్క మాట అడిగాను. ఆ మాట అడగకుంటే బాగుండేది.

"నీ సెయ్యి ఇప్పుడెట్లున్నది?"

"బాగైంది."

"ఎప్పుడు?"

"ఉగాది ముందల్నే."

"బాగైతే మల్ల లేపొచ్చు గద బావా!"

కాటయ్య నా వంక చూశాడు. అబద్ధం చెప్పే మొహం కాదు అది. నిజంగానే ఆలోచించి చెప్పాడు.

"నువ్వు నెడ్తనే ఉన్నవ్ గద. అలవాటైంది."

నొప్పి గురించి, భయం గురించి ఏం చెప్పినా నేను మింగేవాణ్ణి. చెల్లెలి మొగుణ్ణి, మింగక ఏం చేస్తాను? కానీ ఆ అలవాటు అన్న మాట గొంతు దిగలేదు. ఇప్పటికీ దిగలేదు.

లేచాను. రంపం మద్ది దుంగలో సగం దిగి అలాగే నిలబడి ఉంది. పాకలో వీరమ్మ అప్పటికే మూటలు కడుతోంది. వెంకటేశ్వర్లు గారు వచ్చి ఏమైందయ్యా అని అరిచాడు. చెయ్యి చూపించాను. మర్నాడే అనంతగిరి జతను పిలిపించాడు. వాళ్ళ తప్పు లేదు, ఆయన తప్పూ లేదు. వానలు వస్తున్నాయి.

బయల్దేరుతుంటే కాటయ్య రోడ్డు దాకా వచ్చాడు. చెల్లెలితో మాట్లాడబోతే ఆమె బండి చుట్టూ తిరిగి అటు పక్కకు వెళ్ళింది. నా భుజం పట్టుకున్నాడు.

"ఎవడన్నా వచ్చి అడిగితే, జర సల్లగ సెప్పు బావా."

మాలో ఒక పద్ధతి ఉంది. ఒకడు కొత్త పై మనిషి కింద నిలబడాలంటే, అంతకుముందు అతని కింద నిలబడిన వాణ్ణి వెళ్ళి అడగాలి. "లేపుతడా?" అని ఒకే మాట. అవునంటే జత కుదిరినట్టు. కాదంటే ఆ పై మనిషికి మళ్ళీ కింద ఎవడూ దొరకడు. నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. బండి కదిలింది.

ఆత్మకూరులో ఆ వానాకాలమంతా నేను చిన్నపిల్లవాడిలా బతికాను. ఎడమచేత్తో తిన్నాను, ఎడమచేత్తో తల దువ్వుకున్నాను. వీరమ్మ కూలికి పోయింది. పొద్దుగూకాక వచ్చి వేడిగుడ్డ పెట్టేది. తర్వాత గులకరాయి చేతిలో పెట్టేది. "దించు. మెల్లగ. ఇంకా మెల్లగ." నేను దించిన తీరుకి ఆ రాయి చేతిలోనే నాచు పట్టింది. నెల గడిచేసరికి చెంబు పట్టుకోగలిగాను. పత్తి ఏరేనాటికి తువ్వాల పిండాను, సగం నీళ్ళు అందులోనే ఉన్నాయి గానీ. ఊళ్ళో వాళ్ళు వచ్చి కథలు చెప్పమనేవాళ్ళు. చెప్పేవాణ్ణి. రంపం కథలు మాత్రం నోటికి వచ్చేవి కావు.

వీరమ్మ తన అన్న పేరు ఎత్తలేదు. దసరాకు అతను ఒక చీర పంపాడు. ఆమె దాన్ని దూలానికి తగిలించింది. కట్టుకోలేదు, తిరిగి పంపనూ లేదు.

చలి మొదలయ్యాక ఒకరోజు హర్యా వచ్చాడు. పక్క తండా మనిషి. బలమైనవాడు, నా కంటే పొడుగు. అరుగు మీద కూర్చుని నీళ్ళు తాగాడు.

"కాటన్న పిలుస్తుండు సత్తన్నా. సూర్యాపేటల పెద్ద ఇల్లట. నువ్వు ఆయన కింద నిలబడ్డోనివి." చెంబు కింద పెట్టాడు. "లేపుతడా?"

లోపల వీరమ్మ వడ్లు దంచుతోంది. రోకలి చప్పుడు ఆగింది.

అవునంటే అయిపోతుంది. ఒక్క మాట. కాటయ్య ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, దూలానికి ఉన్న చీర వీరమ్మ ఒంటి మీదికి వస్తుంది. నా నోటికి అబద్ధం కొత్త కాదు కూడా.

"లేపడు," అన్నాను. "బరువంత నీ మీదనే ఏస్తడు. నువ్వు కింద నుంచి నెడ్తవ్. నీకు తెల్వకుంటనే నెడ్తవ్. నీ మోసెయ్యి పోతది."

హర్యా నా మొహంలోకి చూశాడు. చూసి చూసి ఒక్కసారిగా నవ్వాడు.

"ఓ సత్తన్నా! రంపం పదును పెడ్తే ఎగిరే పిట్ట నీడ తెగిందని సెప్పినోనివి నువ్వే గద!"

"గది వేరే. ఇది నిజం."

"గప్పుడు సుత నిజమే అన్నవ్!" తొడ చరుచుకుని నవ్వుతున్నాడు. "సొంత బావ మీద సుత కతలేనా?"

నా బతుకులో ఏదీ కలపకుండా చెప్పిన మాట అదొక్కటే. అది కథ అయింది. నేను గడప వైపు చూశాను. వీరమ్మ అక్కడ నిలబడి ఉంది.

"రోకలి తేవే," అన్నాను.

ఆమె కదలలేదు. నన్ను చూసింది, హర్యాను చూసింది, హర్యా చేతుల్ని చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి రోకలి తెచ్చి నా చేతికిచ్చింది.

నేను అరుగు మీద నిలబడ్డాను. హర్యాను కింద వాకిట్లో నిలబెట్టాను. రోకలి కింది కొస అతనికిచ్చి, పై కొస ఎడమచేత్తో పట్టుకుని నా బరువంతా దాని మీద వాల్చాను.

"లాగు."

లాగాడు.

"ఇగ నేను లేపుతున్న అనుకో. నువ్వు జర సాయం పట్టు."

నవ్వుతూనే నెట్టాడు. మళ్ళీ లాగాడు, మళ్ళీ నెట్టాడు. పైనుంచి అతని మొహం నాకు బాగా కనపడుతోంది.

"పొద్దు పోతలేదు గదా, కత సెప్పాల్నా?" అన్నాను.

"సెప్పన్నా!"

చెప్పాను. మఠంపల్లి దగ్గర కృష్ణలో కొట్టుకొచ్చిన దుంగను కోస్తుంటే అందులోంచి మొసలి లేచి, కొంచెం మెల్లగా కోయండి, నిద్ర పడుతోంది, అందని చెప్పాను. హర్యా నవ్వుతున్నాడు, నెడుతున్నాడు. మొసలి తన పెళ్ళాన్ని పిలిచిందని చెప్పాను. నెడుతున్నాడు. కథ సాగుతూనే ఉంది, అతని నవ్వు సన్నబడింది. మొసలి పిల్లల దగ్గరికి వచ్చేసరికి అతని మణికట్టు వణుకుతోంది. నేను ఇంకా బరువు వాల్చాను. ఇంకా చెప్పాను.

ఉన్నట్టుండి రోకలి వదిలేశాడు. అతని ఎడమచెయ్యి వచ్చి కుడి ముంజేతి కండను, మోచేతి కిందుగా పట్టుకుంది. తను పట్టుకున్నానని అతనికి తెలిసినట్టు లేదు. ఒకసారి దాన్ని చూసుకున్నాడు, ఒకసారి నన్ను చూశాడు.

"ఎన్నాళ్ళు నెట్టినవ్ అన్నా?" అన్నాడు.

వీరమ్మ వాకిట్లో పడ్డ రోకలి తీసుకుని, కొంగుతో మట్టి తుడిచి, లోపలికి వెళ్ళింది. చాలాసేపటిదాకా లోపల దంపుడు చప్పుడు మొదలు కాలేదు.